కరోల్‌బాగ్‌లో లీటరు లెక్క

మూడు లక్షల రూపాయలతో ఢిల్లీ పాత కార్ల బజారులో అడుగుపెట్టే కుటుంబం మైలేజి ఒక్కటే చూస్తే చాలదు. కారు వయసు, ఇంధనం, కోర్టు ఉత్తర్వులు, కాగితాలు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

ఉదయం పదకొండు దాటితే గానీ కరోల్‌బాగ్ పూర్తిగా నిద్ర లేవదు. మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే ఒకవైపు అజ్మల్‌ఖాన్ రోడ్డు చీరల దుకాణాలు, మరోవైపు గఫార్ మార్కెట్ సెల్‌ఫోన్ల హడావుడి. వాటిని దాటి ఆర్య సమాజ్ రోడ్డు చుట్టుపక్కల గల్లీల్లోకి మళ్లితే దృశ్యం మారిపోతుంది. రోడ్డుకు రెండు వైపులా బంపరుకు బంపరు తగిలేలా నిలబెట్టిన కార్లు. ఒక కుర్రాడు బకెట్టు నీళ్లతో వాటి మీది రాత్రి దుమ్ము కడుగుతుంటాడు. ఇంకొకడు టైర్లకు నల్లటి పాలిష్ పట్టిస్తుంటాడు. మధ్యాహ్నానికి అవన్నీ కొత్త పెళ్లికూతుళ్లలా మెరుస్తాయి. వాటి అసలు వయసు తేల్చుకోవడమే కొనడానికి వచ్చినవారి పని.

దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన శరణార్థులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన పేట ఇది. వ్యాపారం ఇక్కడి గాలిలోనే ఉంది. పాత కార్ల బేరసారాల్లో ఢిల్లీవాసులకు మొదట గుర్తొచ్చే పేర్లలో కరోల్‌బాగ్ ఒకటి. మారుతి 2001లో ‘ట్రూ వాల్యూ’ పేరుతో పాత కార్ల అమ్మకాలు మొదలుపెట్టినా, ఆ తర్వాత ఇంటర్నెట్ కంపెనీలు వచ్చి ఇంటి దగ్గరికే కారు తెచ్చి చూపించడం మొదలైనా ఈ గల్లీలు ఖాళీ కాలేదు. పది రకాల కార్లను ఒకే పూటలో తలుపు తీసి, బానెట్ ఎత్తి, సీట్లో కూర్చుని చూసుకునే సౌకర్యం సెల్‌ఫోన్ తెర మీద దొరకదు మరి.

ఇక్కడికి వచ్చేవారి కథలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఉదాహరణకు జనక్‌పురిలో అద్దెకుంటూ గుర్గావ్ ఉద్యోగ్ విహార్‌లో పనిచేసే ఒక చిరుద్యోగి. రానూపోనూ రోజుకు 40 కిలోమీటర్లు. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో మెట్రో మెట్లు ఎక్కలేని తల్లి, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. చిట్టీ పాట పాడగా వచ్చిన డబ్బు, కొంత పొదుపు కలిపి రూ. 3 లక్షలు. ఆ మొత్తం మళ్లీ కూడబెట్టాలంటే అయిదేళ్లు పడుతుంది. కాబట్టి కొనే కారు తప్పు కాకూడదు. అది నెలనెలా జీతాన్ని తాగేయకూడదు కూడా. వీధిలో వరసగా నిలబడ్డ కార్లను చూస్తూ అతడు వేసే మొదటి ప్రశ్న దేశమంతటా మధ్యతరగతి వేసేదే: ఎంత ఇస్తుంది? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

జవాబు వెంటనే వస్తుంది. బేరగాడికి తన కారు ఏదైనా ఇరవైకి తక్కువ ఇవ్వదు.

కంపెనీ లెక్క, రోడ్డు లెక్క

కంపెనీలు ప్రకటించే మైలేజి ప్రయోగశాలలో కొలిచినది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు రోలర్ల మీద కారును నిర్ణీత వేగాల్లో నడిపి ఇచ్చే సంఖ్య అది. ఆ లెక్కన 2014 నాటి ఆల్టో కె10కు 24.07 కిలోమీటర్లు, అదే ఏడాది వచ్చిన సెలెరియోకు 23.1, అప్పటి వ్యాగన్ఆర్‌కు 20.51. రెనో క్విడ్ 2015లో 25.17 అంకెతో బజారులోకి దిగింది. కానీ ఆ రోలర్ల మీద ధౌలాకువా ట్రాఫిక్ జామ్ ఉండదు, మే నెల ఎండలో ఆగకుండా తిరిగే ఏసీ ఉండదు, ప్రతి రెండొందల మీటర్లకూ ఒక ఎర్ర దీపం ఉండదు. నగరంలో నడిపేవారు కంపెనీ అంకెలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా కోసేసుకుని లెక్క వేసుకోవడం మంచిది. 24 అన్న కారు 16 నుంచి 19 మధ్య ఇస్తే అది తన పని తాను చేస్తున్నట్లే.

అయినా ఆ అంకెలకు ఒక ప్రయోజనం ఉంది. ఒకే పరీక్షలో వచ్చినవి గనుక రెండు కార్లను పోల్చడానికి పనికొస్తాయి. ఆ పోలిక చేసేటప్పుడు ఏడాది చూసుకోవాలి. ఒకే పేరు మీద నాలుగు రకాల ఇంజన్లు వచ్చి ఉంటాయి. 2014 సెలెరియో వేరు, 2021లో కొత్త ఇంజన్‌తో వచ్చి 26.68 ప్రకటించుకున్న సెలెరియో వేరు. బేరగాడు పాత కారు చూపించి కొత్త కారు అంకె చెప్పడం ఈ వీధుల్లో కొత్తేమీ కాదు.

ఇంకో చిక్కు ఇటీవలిది. పెట్రోల్‌లో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. 2025 నాటికి దేశంలో చాలాచోట్ల బంకుల్లో దొరికేది ఆ మిశ్రమమే. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే తక్కువ. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనే, మామూలు పెట్రోల్ కోసం రూపొందించి 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజి 6-7 శాతం తగ్గవచ్చని అంచనా వేశారు. ఈ ఇంధనాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. మూడు లక్షల బడ్జెట్‌లో దొరికేవి ఎక్కువగా అంతకుముందువే. అందువల్ల పదేళ్ల కారు కొనేవారు పెట్రోల్ గొట్టాలు, సీళ్లు ఒకసారి మెకానిక్‌కు చూపించుకోవాలి.

డీజిల్ వెలిగిన రోజులు

కరోల్‌బాగ్‌లో ఎక్కువ కారు తక్కువ ధరకు కనిపిస్తే అది చాలాసార్లు డీజిల్ కారే అయి ఉంటుంది. దానికి ఒక చరిత్ర ఉంది. పెట్రోల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లోనే తొలగింది. డీజిల్‌కు మాత్రం 2014 అక్టోబర్ దాకా ఆ రక్షణ కొనసాగింది. 2012 మే నెలాఖరులో ఢిల్లీలో లీటరు పెట్రోల్ రూ. 73.18 ఉంటే డీజిల్ రూ. 40.91. తేడా 32 రూపాయలు. జనం డీజిల్ కార్ల కోసం నెలల తరబడి వేచి చూసిన కాలమది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో అన్నింటిలోనూ ఫియట్ రూపొందించిన అదే 1.3 లీటర్ల ఇంజన్. దానికి ‘జాతీయ ఇంజన్’ అన్న ముద్దుపేరు కూడా వచ్చింది. డిజైర్ డీజిల్ 2015లో 26.59, 2017లో 28.40 కిలోమీటర్ల మైలేజి ప్రకటించుకుంది.

జనక్‌పురి ఉద్యోగి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాడనుకుంటే ఆ రోజుల్లో లెక్క తేలికగా తేలేది. పెట్రోల్ కారు నగరంలో 16, డీజిల్ కారు 19 ఇచ్చినా, 2012 ధరల్లో పెట్రోల్‌కు రూ. 4,570, డీజిల్‌కు రూ. 2,150. సగానికి పైగా మిగులు. 2025లో ఢిల్లీలో పెట్రోల్ 95 రూపాయలకు, డీజిల్ 88 రూపాయలకు కాస్త దిగువన ఉన్నాయి. ఆ ధరల్లో అదే ప్రయాణానికి పెట్రోల్ ఖర్చు రూ. 5,900, డీజిల్ ఖర్చు రూ. 4,600. మిగులు నాలుగో వంతు కూడా లేదు. పైగా డీజిల్ ఇంజన్‌లో ఇంజెక్టర్లు, టర్బో చెడితే ఒక్కసారికే ఏడాది మిగులంతా ఊడ్చుకుపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు కోర్టులో ఉంది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. పెట్రోల్ వాహనాలకు 15 ఏళ్ల గడువు. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జులై 1 నుంచి గడువు తీరిన వాహనాలకు ఢిల్లీ బంకుల్లో ఇంధనం పోయరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది. కెమెరాలు నంబరు ప్లేటు చదివి గుర్తుపట్టే ఏర్పాటు చేశారు. జనాగ్రహం ముందు ఆ నిబంధన రోజుల్లోనే వాయిదా పడింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దంది. డిసెంబర్‌లో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఢిల్లీలో బీఎస్-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో వచ్చింది గనుక ఆ తర్వాతి కార్లకు ఊరట దొరికినట్లే. కానీ అది ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన ఊరట. కష్టార్జితంతో కారు కొనేవాడు తర్వాతి వాయిదాలో ఏమవుతుందోనని కూడా ఆలోచించుకోవాలి.

ఎనిమిదేళ్ల డీజిల్ డిజైర్ కరోల్‌బాగ్‌లో చవగ్గా కనిపించడానికి కారణం ఇదే. ధరలో తగ్గింది కారు విలువ కాదు, దానికి ఢిల్లీలో మిగిలిన ఆయుష్షు. హెచ్‌ఆర్ 26 అన్న గుర్గావ్ నంబరైనా, యూపీ 16 అన్న నోయిడా నంబరైనా తేడా లేదు. అవి కూడా రాజధాని ప్రాంతం కిందికే వస్తాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే పదేళ్ల నిబంధన యథాతథంగా అమలైతే ఆ ‘జాతీయ ఇంజన్’ ఉన్న చిట్టచివరి మారుతికి కూడా ఢిల్లీలో 2030తో గడువు తీరుతుంది.

సీఎన్‌జీ అనే ఢిల్లీ అలవాటు

ఈ నగరానికి సొంతమైన మరో దారి ఉంది. 1998 జులైలో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించింది. 2002 చివరికి ఆ పని పూర్తయింది. బస్సులు, ఆటోల కోసం వెలసిన గ్యాస్ బంకులు తర్వాత కార్లకూ అక్కరకొచ్చాయి. వేరే నగరాల్లో సీఎన్‌జీ కారు కొనేవారు బంకు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఢిల్లీలో బంకు ఉంటుంది, దాని ముందు వరస కూడా ఉంటుంది.

లెక్క మాత్రం ఊరిస్తుంది. 2025లో కిలో గ్యాస్ ధర 77 రూపాయల చుట్టూ తిరిగింది. 2019 నాటి వ్యాగన్ఆర్ సీఎన్‌జీకి కంపెనీ చెప్పిన మైలేజి కిలోకు 33.54 కిలోమీటర్లు. రోడ్డు మీద 24 మాత్రమే వచ్చిందనుకున్నా వెయ్యి కిలోమీటర్లకు రూ. 3,200. పెట్రోల్ కారుతో పోలిస్తే నెలకు రూ. 2,700, ఏడాదికి రూ. 32 వేల పైచిలుకు మిగులు. పెట్రోల్‌తో కూడా నడిచే కారు గనుక 15 ఏళ్ల గడువే దీనికీ వర్తిస్తుంది.

ఇక్కడా గోతులున్నాయి. డిక్కీలో సిలిండర్ కూర్చుంటే సూట్‌కేసుకు చోటుండదు. వేసవి సెలవుల్లో ఊరెళ్లే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. కంపెనీలో అమర్చిన కిట్ వేరు, పక్క గల్లీలో బిగించిన కిట్ వేరు. బయట అమర్చిన కిట్ వివరాలు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉండాలి. బీమా సంస్థకూ తెలిపి ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా డబ్బు చేతికి రాదు. సిలిండర్‌కు మూడేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. ఆ తేదీ సిలిండర్‌కు తగిలించిన రేకు మీద ఉంటుంది. బేరం మొదలుపెట్టే ముందు డిక్కీ ఎత్తి ఆ రేకు చదవడం అర నిమిషం పని.

మైలేజికి కట్టే ధర

వీధిలో తిరిగేకొద్దీ ఇంకో సంగతి తెలుస్తుంది. మంచి మైలేజి ఇచ్చే కార్లు చవగ్గా దొరకవు. అందరికీ అవే కావాలి. ఒకే వయసున్న రెండు కార్లలో లీటరుకు 19 ఇచ్చే చిన్న కారు, 14 ఇచ్చే కాస్త పెద్ద కారు కంటే రూ. 60 వేలు ఎక్కువ పలకవచ్చు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ రెండింటి మధ్య పెట్రోల్ తేడా సుమారు రూ. 1,780. అంటే ఏడాదికి 21 వేలు. ఎక్కువ కట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు. అదే కారును ఆదివారాలు, ఆస్పత్రి పనులకే తీస్తూ నెలకు 500 కిలోమీటర్లు తిప్పేవారికి ఆరేళ్లు పడుతుంది. అప్పటికి కారే మార్చాల్సి రావచ్చు. కాబట్టి మైలేజి గురించి అడిగే ముందు తాను నెలకు ఎంత తిరుగుతాడో కొనేవాడు ముందు తనను తాను అడగాలి. చాలామంది ఆ అంకెను ఊహించి చెబుతారు. ఒక నెల డైరీలో రాసుకుని చూస్తే అది ఊహలో సగమే ఉంటుంది.

మైలేజి బాగుండి ధర కూడా తక్కువ ఉన్న కార్లు కొన్ని కనిపిస్తాయి. అవి సాధారణంగా దేశం విడిచి వెళ్లిన కంపెనీలవి. షెవ్రొలే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో, డాట్సన్ 2022లో తప్పుకున్నాయి. వాటి కార్లు చెడ్డవని కాదు. కానీ ఒక హెడ్‌లైట్ పగిలితే విడిభాగం కోసం కశ్మీరీ గేట్ దుకాణాల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలన్నది ధరలో తగ్గిన డబ్బుతో తూచుకోవాల్సిన విషయం. అదే ఆల్టో, వ్యాగన్ఆర్‌లకైతే ఏ జిల్లా కేంద్రంలోనైనా మెకానిక్ దొరుకుతాడు, సామాను దొరుకుతుంది. తక్కువ ఖర్చుకు మారుతి పేరు పర్యాయపదమవడానికి మైలేజి ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ఆ అలవాటు మొదలైంది కూడా ఢిల్లీలోనే. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలను ప్రధాని ఇందిరా గాంధీ హర్పాల్ సింగ్ అనే ఢిల్లీవాసికి అందించారు. ఆయన 2010లో చనిపోయేదాకా ఆ కారును అమ్మలేదు. 2014 జనవరిలో ఆ మోడల్ తయారీయే ఆగిపోయింది. ఒక్క కారుతో ఇరవై ఏడేళ్లు గడిపే యజమానులు ఇప్పుడు అరుదు. కారును నాలుగైదేళ్లకే మార్చే యజమానుల వల్లే కరోల్‌బాగ్ నిండుతోంది.

కొత్త కార్ల ధర కూడా ఓ కంట కనిపెట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. అప్పట్లో ఎస్-ప్రెసో ప్రారంభ ధరను రూ. 3.49 లక్షలుగా, ఆల్టో కె10 ధరను రూ. 3.69 లక్షలుగా మారుతి ప్రకటించింది. రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు అదనమే. అయినా మూడు లక్షలు పెట్టి ఆరేడేళ్ల చిన్న కారు కొనేవాడి చేతికి బేరమాడేందుకు అదొక ఆయుధం. ఆ అంకె గుర్తు చేస్తే డీలర్ గొంతు కాస్త తగ్గుతుంది.

మెరుపు వెనుక

‘డాక్టరుగారి కారు’, ‘మేడమ్ ఒక్కరే నడిపారు’, ‘ఆదివారం తప్ప బయటికి తీయలేదు’. ఈ మూడు మాటలు వినకుండా ఈ గల్లీలు దాటడం కష్టం. డ్యాష్‌బోర్డు మీద 38 వేల కిలోమీటర్లు కనిపిస్తాయి. డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడం తెలిసినవారికి నిమిషాల పని. మీటరు అబద్ధమాడినా కారు ఆడదు. బ్రేకు పెడల్ మీది రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ చక్రం తోలు మెరుస్తూ ఉంటే అది 38 వేలు తిరిగిన కారు కాదు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అయిదేళ్ల కారుకు టైర్లు అప్పుడే రెండోసారి మారి ఉంటే కారణం అడగాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెబితే చివరిసారి వచ్చినప్పటి కిలోమీటర్లు తెలుస్తాయి.

వెళ్లేది ఉదయం పూట, ముందుగా చెప్పకుండా వెళ్తే మేలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ వస్తే ఇంధనం పూర్తిగా మండడం లేదు, అంటే మైలేజి అక్కడే పోతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి కారుతోందని అనుమానించాలి. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోస్తే చిన్న కారు తేలిగ్గా కదలాలి. మొరాయిస్తే బ్రేకులు పట్టేస్తున్నాయి. మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తూ వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ అరిగిపోయింది. ఇవన్నీ బాగు చేయించగలిగినవే. కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గాలి.

వరదను మాత్రం ఎవరూ బాగు చేయలేరు. 2023 జులైలో యమునా నది ఢిల్లీలో 208.66 మీటర్ల రికార్డు ఎత్తుకు చేరి ఇళ్లను, వీధులను ముంచింది. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కూడా మునిగాయి. మునిగిన కార్లు ఆరబెట్టుకుని, కొత్త సీటు కవర్లు తొడుక్కుని ఏదో ఒక బజారుకు చేరతాయి. ఫ్లోర్ మ్యాట్ కింద తివాచీ ఎత్తితే బురద గీత, సీటు పట్టాల మీద తుప్పు, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర మట్టి మరక కనిపిస్తాయి. అత్తరు వాసన మరీ ఎక్కువగా ఉన్న కారునూ అనుమానించాల్సిందే.

బీమా పత్రం కూడా మాట్లాడుతుంది. క్లెయిమ్ లేకపోతే ఏటా పెరిగే రాయితీ 20 శాతంతో మొదలై 50 శాతం దాకా వెళ్తుంది. ఆరేళ్లు ‘గీత పడని’ కారు పాలసీలో ఆ రాయితీ సున్నా ఉంటే, ఆ మధ్యే ఏదో పెద్ద మరమ్మతు జరిగిందని అర్థం. ఆ రాయితీ అమ్మినవారిదే, కారుతోపాటు కొన్నవారికి రాదు.

పేరు మారేదాకా

కారు నచ్చి, ధర కుదిరి, అడ్వాన్సు చేతులు మారాక అసలు పని మిగిలే ఉంటుంది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, రుణం తీరిన కారైతే బ్యాంకు సంతకంతో ఫారం 35. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే ఫారం 28తో నిరభ్యంతర పత్రం. పెండింగ్ చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. సంతకాలు పెట్టించిన ఖాళీ ఫారాలతో ఒకరి నుంచి ఒకరికి, అక్కడి నుంచి మరొకరికి కారు వెళ్లిపోవడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాదం కేసులో స్పష్టం చేసింది: రికార్డుల్లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదే. 2025 నవంబర్ 10న ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా పేరు మారకుండానే పలు చేతులు మారినదని తేలాక, దర్యాప్తు అధికారులు పాత యజమానుల ఇళ్ల తలుపులు తట్టారు. పాత కార్ల డీలర్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుని, అమ్మడానికి తీసుకున్న ప్రతి కారు వివరాలూ పోర్టల్‌లో పెట్టాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచే ఉంది. డీలర్‌ను ఆ అనుమతి పత్రం చూపించమనడం తప్పేమీ కాదు.

ఢిల్లీలో చవగ్గా దొరికిన డీజిల్ కారును లారీ మీదో, స్వయంగా నడుపుకుంటూనో హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకుపోదామనుకునే తెలుగువారూ ఉంటారు. అక్కడ పదేళ్ల నిషేధం లేదు, నిజమే. కానీ నిరభ్యంతర పత్రం, తెలుగు రాష్ట్రాల్లో కారు వయసును బట్టి కట్టాల్సిన జీవిత పన్ను, కొత్త నంబరు, రవాణా ఖర్చు అన్నీ కలిపితే ఢిల్లీలో మిగిలిందనుకున్న డబ్బు దారిలోనే కరిగిపోతుంది. కారు సొంత ఊళ్లోనే ఎంతకు దొరుకుతుందో ముందు ఒక్క ఫోన్ చేసి కనుక్కోవడం వెయ్యిన్నర కిలోమీటర్ల ప్రయాణం కంటే చౌక.

కొనేవారు దొరకని కార్ల దారి వేరు. కరోల్‌బాగ్‌కు పశ్చిమాన మాయాపురి ఉంది. దశాబ్దాలుగా పాత వాహనాలు విప్పి, ముక్కలు చేసి, పనికొచ్చేవి పనికొచ్చేవారికి, మిగతాది కొలిమికి పంపిన తుక్కు బజారు అది. 2010లో తుక్కుతోపాటు వచ్చి చేరిన రేడియోధార్మిక కోబాల్ట్ ఒక కూలి ప్రాణం తీసినప్పుడు ఆ పేరు దేశమంతా విన్నది. తుక్కు విధానం 2021లో వచ్చాక వాహనాలను విప్పాల్సింది రిజిస్టరయిన కేంద్రాల్లోనే. ఇంజన్ ఇంకా నడుస్తున్నా వయసు మీరిందని వచ్చే కారును చూస్తే యజమానికి గుండె కలుక్కుమంటుంది. ఆ కారు పొగ పీల్చిన నగరానికి మాత్రం కొంత ఊపిరి. ఢిల్లీలో పాత కారు కొనేవారు ఈ రెండింటి మధ్యే నిలబడి బేరమాడుతున్నారు.

జనక్‌పురి ఉద్యోగి లెక్క చివరికి ఇలా తేలుతుంది. రోజూ 40 కిలోమీటర్లు తిరుగుతాడు గనుక కంపెనీ అమర్చిన సీఎన్‌జీ ఉన్న వ్యాగన్ఆర్ దొరికితే అదే మొదటి ఎంపిక. దొరకకపోతే కనీసం ఏడెనిమిదేళ్ల గడువు మిగిలిన, ఒకే యజమాని చేతిలో ఉన్న పెట్రోల్ ఆల్టో కె10 లేదా సెలెరియో. డీజిల్ వద్దు. మూడు లక్షల్లో రెండు లక్షల డెబ్బై వేలకే బేరం ముగించాలి. మిగతా ముప్పై వేలు టైర్లకు, బ్యాటరీకి, సర్వీసింగ్‌కు, పేరు మార్పిడికి. మొదటి నెల ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేదాకా తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే తన కారు అసలు మైలేజి తెలుస్తుంది.

సాయంత్రం ఏడు గంటలకు ఆర్య సమాజ్ రోడ్డు దీపాల కింద కార్లు పగటికంటే అందంగా కనిపిస్తాయి. గీతలు, సొట్టలు ఆ వెలుతురులో దాక్కుంటాయి. తెలిసినవారు ఆ వేళకు బేరం చేయరు. నచ్చిన కారు నంబరు చీటీ మీద రాసుకుని బ్లూ లైన్ మెట్రో ఎక్కుతారు. మర్నాడు పొద్దున్నే, తమ పేటలోని మెకానిక్‌ను వెంటబెట్టుకుని, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే మళ్లీ వస్తారు.